పదకొండు వారాలు జిమ్, పెరిగింది 700 గ్రాములు: తిండిలో ఎక్కడ తప్పు చేస్తున్నా?

బక్కోడు_24:

అందరికీ నమస్తే. చిన్నప్పటి నుంచీ సన్నమే నేను. "గాలొస్తే ఎగిరిపోతావురా" అనిపించుకుని అనిపించుకుని విసుగొచ్చి జిమ్‌లో చేరాను. వయసు 24, ఎత్తు 175 సెంటీమీటర్లు. చేరిన రోజు బరువు 55.4 కిలోలు. ఈ రోజు పొద్దున చూస్తే 56.1. మధ్యలో పదకొండు వారాలు గడిచాయి.

వారానికి మూడు రోజులు, ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. స్క్వాట్, బెంచ్, రోయింగ్, డెడ్‌లిఫ్ట్, భుజాల ప్రెస్, ఇవే తిప్పి తిప్పి చేస్తున్నా. బెంచ్ ప్రెస్ ఖాళీ బార్‌తో, అంటే 20 కిలోలతో మొదలుపెట్టి 35కి వచ్చా. అక్కడ మూడు వారాలుగా ఆగిపోయింది. అయిదు రెప్స్ (అయిదుసార్లు ఎత్తి దించడం) అవుతాయి, ఆరోది వచ్చి ఛాతీ మీద కూర్చుంటుంది.

ఇక తిండి. నేను బాగానే తింటాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే అందరూ మొదట అదే అడుగుతారు. పొద్దున కాఫీ, టిఫిన్. ఆలస్యమైతే కాఫీ ఒక్కటే. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, పప్పు, కూర. జిమ్ ఉన్న సాయంత్రం ఒక స్కూప్ వే ప్రొటీన్ పొడి. రాత్రి మళ్లీ కంచం నిండా. ఆదివారం అయితే చికెన్ మీద దండయాత్రే, ఇంట్లో వాళ్లు నా కంచం వంక చూడటం మానేశారు. ఇంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. నా మెటబాలిజమే అంతేమో అనిపిస్తోంది.

జిమ్‌లో తలా ఒక మాట. ఒకాయన రోజుకి పది తెల్లసొనలు అంటాడు. ఇంకొకాయన పచ్చి గుడ్లు కొట్టుకుని తాగెయ్ అంటాడు. ట్రైనర్ గెయినర్ (బరువు పెరగడానికి కలుపుకుని తాగే పొడి) డబ్బా కొనమంటున్నాడు (ఆయన దగ్గరే అమ్ముతారు). ఎక్సర్‌సైజ్ అయిన అరగంటలో ప్రొటీన్ పడకపోతే చేసిందంతా వృథా అని ఒకడు భయపెట్టాడు, అప్పటి నుంచి చెమట బట్టలతోనే షేక్ తాగుతున్నా. క్రియేటిన్ (బలం కోసం జిమ్‌వాళ్లు వాడే పొడి) అంటే స్టెరాయిడ్ అని ఇంట్లో టెన్షన్. ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయని అమ్మ భయం.

సన్నగా మొదలుపెట్టి నిజంగా కండ పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏం తిన్నారో, ఎంత తిన్నారో చెప్పండి ప్లీజ్.


రెండోసెట్:

"నేను బాగానే తింటాను" అన్న చోట ఆగి నవ్వుకున్నా తమ్ముడూ. తొమ్మిదేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే మాట, ఇంతే ధీమాగా అన్నా. అప్పుడు నాకు 25, బరువు 47. ఇప్పుడు 58, డెడ్‌లిఫ్ట్ వంద దాటింది. పరిచయానికి చెప్పా, గొప్పకి కాదు. సరే, కొంచెం గొప్పకి కూడా.

నాతో పాటు జిమ్‌కి వచ్చే ఒకావిడ నా మాట నమ్మలేదు. "ఒక్క వారం తూచి రాయి, తర్వాత మాట్లాడదాం" అంది. పౌరుషం కొద్దీ వంటింట్లో పెట్టుకునే చిన్న తూకం మెషీన్ ఒకటి కొన్నా. నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాశా, టీలో పంచదారతో సహా. వారం చివర కూడితే సోమవారం నుంచి శనివారం దాకా సగటు 1,480 క్యాలరీలు. ఆదివారం ఒక్కరోజు 2,600. నాకు గుర్తున్నది ఆ ఆదివారమే! ఆయాసం వచ్చేలా తిన్న రోజు గుర్తుంటుంది. ఫోన్ వచ్చి సగం కంచం వదిలేసి లేచిన మధ్యాహ్నం ఎవరికి గుర్తుంటుంది? ఏడు రోజులకి పంచితే 1,640. నా ఒళ్లు ఉన్నచోటే ఉండటానికి సరిగ్గా సరిపోయేంత. మెటబాలిజం పాపం ఏ తప్పూ చేయలేదు.

అందుకే నీ పోస్టులో నా కంటికి ఆనింది గుడ్లూ కాదు, పౌడరూ కాదు. "ఆలస్యమైతే కాఫీ ఒక్కటే" అన్న ముక్క. వారంలో ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో అది చెప్పలేదు నువ్వు.

లెక్క ఇలా వేసుకో. నీ వయసులో, వారానికి మూడు రోజులు బరువులు ఎత్తేవాడికి, బరువు తగ్గకుండా పెరగకుండా ఉండాలంటే కిలోకి సుమారు 33 నుంచి 35 క్యాలరీలు కావాలి. 56 కిలోలకి 1,850 నుంచి 1,960. ఇది అంచనా. అసలు అంకె నీ వారం లెక్కే చెబుతుంది. దాని మీద రోజూ ఒక 300 వేయి. 2,250 దగ్గరికి వస్తావు. మరి వెయ్యి వేస్తే ఇంకా తొందరగా కండ వస్తుంది కదా అంటావేమో. రాదు. ఒళ్లు కండ కట్టే వేగానికి ఒక హద్దు ఉంది, మిగిలినదంతా నడుం చుట్టూ చేరుతుంది. నెలకి ఒక కిలో లోపు పెరిగితే నీకు చాలా మంచి వేగం.

ప్రొటీన్‌కి వస్తే, 2018లో 49 ప్రయోగాలని, అంటే 1,863 మందిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. బరువులు ఎత్తేవాళ్లకి రోజుకి కిలోకి 1.6 గ్రాముల వరకు ప్రొటీన్ పెంచిన కొద్దీ లాభం కనిపించింది, అది దాటాక సగటున పెద్ద తేడా లేదు. నీకు 90 గ్రాములు. అంతే. కొవ్వు ఒక 55 గ్రాములు ఉండనీ. మిగతాది అన్నం, రొట్టె, పండ్లు, దుంపలు, ఓట్స్, ఏదైనా సరే. పిండి పదార్థాలు తింటే లావైపోతారని చాలామంది భయపడతారు కానీ సెట్ చేసేటప్పుడు కండ ఎక్కువగా కాల్చుకునే ఇంధనం అదే. నీ ఆరో రెప్ ఛాతీ మీద కూర్చోవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. ఖాళీ కాఫీ మీద రోజంతా లాగి సాయంత్రం బెంచ్ కింద పడుకుంటే బార్ మాత్రం ఏం చేస్తుంది?

90 గ్రాములు అంటే కొండంత అనిపిస్తుంది. చూడు: మూడు గుడ్లు 18 గ్రాములు. అర లీటరు పాలు 16. గట్టిగా ఉడికిన పప్పు 200 గ్రాములు, అందులో 18. (పల్చటి పప్పుకట్టు లెక్కలోకి రాదు, అది ఎక్కువగా నీళ్లే.) పచ్చిగా తూచిన చికెన్ 150 గ్రాములు, ఎముక లేకుండా, 33. ఉడికిన అన్నం 400 గ్రాముల్లో పది, పదకొండు. ఒక పెద్ద కప్పు పెరుగు, 200 గ్రాములు, ఏడు. కూడితే వంద దాటిపోయింది, పౌడర్ డబ్బా మూత ఇంకా తియ్యలేదు. దీనికి వంట నూనె మూడు పెద్ద చెంచాలు, రెండు అరటిపళ్లు, ఒక గుప్పెడు వేరుశనగలు కలిపితే క్యాలరీలు 2,300 దాకా వస్తాయి. నూనెని చాలామంది రాయడం మర్చిపోతారు. పెద్ద చెంచాకి 120 క్యాలరీలు, అదేం చిన్న సంగతి కాదు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొదటి వారం లెక్క చూసి సిగ్గుపడి, తిండి పెంచా. రెండో వారం, మూడో వారం కూడితే 2,500 పైన! బరువు మాత్రం గ్రాము కదల్లేదు. నాకేదో జబ్బుందని తీర్మానించుకున్నా. తీరా చూస్తే, కంచంలో ఉడికిన అన్నం తూచి, పుస్తకంలో బియ్యం లెక్క వేస్తున్నా. వంద గ్రాముల బియ్యంలో 360 క్యాలరీలు ఉంటాయి. అదే ఉడికాక నీళ్లు పీల్చుకుని రెండున్నర, మూడు రెట్లు అవుతుంది, వంద గ్రాముల అన్నంలో 130 మాత్రమే. రెండు వారాలు కాగితం మీద కండలు పెంచా. చికెన్‌కి ఇది తిరగబడుతుంది. ఉడికితే నీళ్లు పోయి బరువు తగ్గుతుంది, అదే ముక్కల్లో వందకి 22 ఉన్న ప్రొటీన్ 30 అయినట్టు కనిపిస్తుంది. పచ్చిగా తూస్తే పచ్చి అంకె, ఉడికాక తూస్తే ఉడికిన అంకె. ఇదొక్కటి తప్పకుండా చూసుకో.

మిగతా ప్రశ్నలు గబగబా.

తెల్లసొన పది తిని పచ్చసొన పారేయడం బరువు తగ్గాలనుకునేవాళ్ల గోల. నువ్వు పెరగాలి. గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటే దాదాపు రెండున్నర పచ్చసొనలోనే ఉంది. డాక్టర్ కొలెస్ట్రాల్ గురించి ప్రత్యేకంగా చెప్పి ఉంటే తప్ప మొత్తం తిను.

పచ్చి గుడ్లు వద్దు. నేను తాగా, నెల రోజులు, ముక్కు మూసుకుని. 1998లో బెల్జియంలో కొలిచి చూస్తే ఉడికించిన గుడ్డు ప్రొటీన్ 91 శాతం ఒంటికి అందింది, పచ్చిది 51 శాతమే. అంటే నేను ముక్కు మూసుకున్నది సగం గుడ్డు కోసం. పైగా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ప్రమాదం ఉచితం.

అరగంట గడువు: నిదానంగా స్నానం చేసి బట్టలు మార్చుకుని తిను. 2013లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, రోజు మొత్తం ప్రొటీన్ సమానంగా ఉన్నప్పుడు ఆ గడువు మహిమ మాయమైంది. రోజుకి మూడు నాలుగు పూటలు, పూటకి 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్ పడేలా చూసుకుంటే చాలు.

గెయినర్ డబ్బాలో వే ప్రొటీన్ కొంచెం, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం బోలెడు. లేబుల్ తిప్పి చూడు. నేను కొన్న సంచీ నా అంత ఉంది. ఒకరోజు రెండు స్కూపులు పాలల్లో కలిపి తాగి, నలభై నిమిషాలకి స్క్వాట్ చేశా. మూడో సెట్‌లో ఎక్కడికి పరిగెత్తానో అడగొద్దు. నా పేరు రెండోసెట్ అయింది అందుకే.

వే ప్రొటీన్ పాల నుంచి తీసిన తిండి, మందు కాదు. వండుకునే టైం లేనప్పుడు పనికొస్తుంది. లేకపోయినా నష్టం లేదు. నువ్వు జిమ్ రోజుల్లోనే తాగుతున్నావు, కానీ కండ కట్టే పని జిమ్ లేని రోజు కూడా నడుస్తుంది. కొన్నావు కాబట్టి ప్రొటీన్ తక్కువ పడిన రోజు వాడుకో, అది ఏ రోజైనా సరే.

క్రియేటిన్ స్టెరాయిడ్ కాదు. మన ఒంట్లోనే తయారవుతుంది, మాంసంలో, చేపల్లో ఉంటుంది. క్రియేటిన్ మోనోహైడ్రేట్ అనే రకం రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ పూటైనా. మొదట్లో కండల్లో నీరు చేరి కిలో దాకా బరువు పెరగొచ్చు, దాన్ని చూసి మురిసిపోకు. ఒక్క జాగ్రత్త: రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే అంకె) కొంచెం ఎక్కువ చూపించొచ్చు, వాడుతున్నానని డాక్టర్‌కి ముందే చెప్పు. నీకు ఇప్పుడే అవసరం లేదని నా మాట. ముందు తిండి కుదరనీ. లేకపోతే ఏది పనిచేసిందో నీకే తెలీదు.

అమ్మకి చెప్పు: కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కిలోకి 1.6 గ్రాములు హాని చేస్తుందని తేలలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టర్ చెప్పినంతే తినాలి. అనుమానం ఉంటే ఒక రక్త పరీక్ష చేయించుకుని ఆ కాగితం అమ్మ చేతిలో పెట్టు. నా అనుభవంలో అమ్మలకి విశ్లేషణల కన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ.

ముందు వారం రోజులు రాసుకుని రా. ఏమీ మార్చకు, ఇప్పుడు ఎలా తింటున్నావో అలాగే తిను. అబద్ధం రాయకు.


శనగగింజ:

అక్క చెప్పినదాంట్లో గుడ్లు, చికెన్ తీసేస్తే నాలాంటి వాళ్లం ఏం చేయాలో ఒక మాట. నేను గుడ్డు కూడా తినను, పాలు, పెరుగు ఓకే.

నా ప్రాణం నిలబెట్టింది సోయా చంక్స్. ఎండువి వంద గ్రాముల్లో 50 పైన ప్రొటీన్. 50 గ్రాములు నానబెట్టి, నీళ్లు పిండేసి, కూరలో వేస్తే 26 గ్రాములు ఒక్క పూటలో వచ్చేస్తాయి. కానీ మొదటి రోజే వంద గ్రాములు తినకండి. నేను తిన్నా. ఆ రాత్రి నా గదిలో ఉండే అతను బాల్కనీలో పడుకున్నాడు. 20 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచితే పొట్ట అలవాటు పడుతుంది. శనగలు, రాజ్మా కూడా అంతే, బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. వాటిలో లైసిన్ అనేది ధాన్యాల్లో తక్కువ, మెథియోనిన్ అనేది పప్పుల్లో తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. ఒకే ముద్దలో కలవక్కర్లేదు, ఒకే రోజులో పడితే చాలు. మొక్కల ప్రొటీన్ కాస్త తక్కువ అరుగుతుంది కాబట్టి నేను 1.6 బదులు 1.8 లెక్క పెట్టుకుంటా.

వేరుశనగల్ని మాత్రం ప్రొటీన్ అని పిలవకండి. వందలో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే, కానీ దానితో పాటు 49 గ్రాముల కొవ్వు వస్తుంది. బక్కోడు తమ్ముడికి క్యాలరీలు కావాలి కాబట్టి వరం. నాకు కాదు.


నిద్రమొహం:

తూచడం గురించి కొంచెం తేడాగా చెబుతా, ఎవరూ అనుకోవద్దు.

నేను రెండేళ్లు తూచా. మొదట్లో బాగా పనిచేసింది, ఎనిమిది కిలోలు పెరిగా. తర్వాత ఎవరింటికైనా భోజనానికి వెళ్లాలంటే భయం. వాళ్లు ఎంత నూనె పోశారో తెలీదు కదా! అన్నయ్య ఇంట్లో వంటింట్లోకి వెళ్లి నూనె సీసా చూసొచ్చా ఒకసారి. వదిన ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. యాప్‌లో అంకె ఎర్రగా మారితే నిద్రపట్టేది కాదు. అప్పుడు ఆపేశా.

కాబట్టి తమ్ముడూ, తూచు, కానీ ఒక తేదీ పెట్టుకుని తూచు. రెండు మూడు వారాల్లో కంటికి అంచనా వచ్చేస్తుంది. ఆ తర్వాత అరచేతి లెక్క చాలు: పూటకి అరచేయంత మాంసమో, రెండు మూడు గుడ్లో, గట్టి పప్పు పెద్ద కప్పో. తిండితో ఇదివరకే గొడవ ఉన్నవాళ్లు, అంటే మాడటం, వాంతి చేసుకోవడం లాంటివి ఉన్నవాళ్లు, అసలు తూకం జోలికి పోవద్దు, ముందు డాక్టర్‌ని కలవండి.

ఇంకోటి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? బెంచ్ మూడు వారాలు ఆగిందంటే తిండి ఒక్కటే చూడటం సరికాదు. నాకు అయిదు గంటల నిద్రతో ఆగిన స్క్వాట్, ఏడున్నర గంటలు పడుకోవడం మొదలుపెట్టాక కదిలింది. నా పేరు చూసి నవ్వకు. కష్టపడి తెచ్చుకున్న పేరు.


బక్కోడు_24:

వారం అయింది. అక్కా, నీ ముందు తలెత్తుకోలేను.

ఆరు రోజుల సగటు 1,770. ఆదివారం 3,100. అంతా పంచితే 1,960. నువ్వు అంచనా వేసిన పై అంకె ఎంతో సరిగ్గా అంతే వచ్చింది, మూడుసార్లు కూడి చూశా. ప్రొటీన్ సగటు 61 గ్రాములు. నేను రోజూ వంద తింటున్నానని నమ్ముతూ వచ్చా.

వారంలో నాలుగు రోజులు పొద్దున కాఫీ ఒక్కటే. "ఆలస్యమైతే" అన్నాను కదా, ఆలస్యమే నా అలవాటని ఇప్పుడు తెలిసింది. ఇంకో ఆశ్చర్యం, నా "కంచం నిండా అన్నం" తూస్తే 260 గ్రాములు. కంచమే చిన్నది! ఇంట్లో ఎప్పటి నుంచో అదే కంచంలో తింటున్నా, ఎవరూ చెప్పలేదు. పప్పు కూడా తూచా. గిన్నె అడుగున ఉన్నది నాన్నకి వెళ్తోంది, నాకు పైన తేట వస్తోంది.

నిద్రమొహం అన్నా, ఒంటిగంటకి. తెలుసు, తెలుసు.

ఇప్పుడు అసలు కష్టం. 2,250 తిందామని రెండు రోజులు ప్రయత్నించా. పొద్దున ముద్ద దిగదు, వికారం. రాత్రి ఎక్కువ తింటే పొట్ట బిగిసి నిద్రపట్టదు. ఆకలి లేనివాడు ఎలా తినాలి?


రెండోసెట్:

తలెత్తుకో. రాసి చూపించినవాడివి నువ్వే. చాలామంది ఇక్కడిదాకా కూడా రారు.

ఆ పప్పు సంగతి చదివి మాత్రం పగలబడి నవ్వా. గరిటె నువ్వే తీసుకో ఇక నుంచి.

ఒకేసారి 300 పెంచకు. మొదటి వారం 150, తర్వాత ఇంకో 150. ఆకలి కూడా బెంచ్ లాంటిదే, ఖాళీ బార్‌తో మొదలెట్టాలి.

పొద్దున నమలడం కష్టమైతే తాగు. నేను ఏడాది పాటు తాగింది ఇదే: పాలు 300 మిల్లీలీటర్లు, ఒక అరటిపండు, ఓట్స్ 40 గ్రాములు, పీనట్ బటర్ రెండు పెద్ద చెంచాలు. మిక్సీలో తిప్పితే 630 క్యాలరీల చుట్టుపక్కల, 24 గ్రాముల ప్రొటీన్. నీకు మొదట సగమే చేసుకో. ఒక్క గుక్కలో తాగకు, తయారవుతూ అరగంట సేపు తాగు. ద్రవం కడుపు అంతగా నింపదు, మధ్యాహ్నం ఆకలిని చంపదు. పాలు పడకపోతే, అంటే తాగిన రెండు గంటల్లో పొట్ట ఉబ్బి గడబిడ చేస్తే, అది లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, పని అయ్యుండొచ్చు. అప్పుడు పెరుగుతోనో సోయా పాలతోనో చెయ్యి. వే కూడా కాన్సంట్రేట్ కాకుండా ఐసోలేట్ రకం చూసుకో, అందులో లాక్టోజ్ చాలా తక్కువ.

భోజనానికి ముందు చెంబుడు నీళ్లు తాగే అలవాటుంటే మానెయ్, తిన్నాక తాగు. కంచంలో మొదట అన్నం, ప్రొటీన్ తిను, పచ్చి కూరగాయ ముక్కలు చివర. బరువు తగ్గేవాళ్లకి చెప్పేది దీనికి తలకిందులు, అందుకే యూట్యూబ్ చూసి ఖంగారు పడకు. అలా అని కూరలు, పండ్లు ఎగ్గొట్టకు, మలబద్ధకంతో స్క్వాట్ చేయడం ఎంత ఘోరమో నాకు తెలుసు.

రాత్రి ఎక్కువ తినలేకపోతే ఎవరు తినమన్నారు? సాయంత్రం నాలుగింటికి ఒక చిన్న పూట దూర్చు: రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు వేరుశనగలు, ఒక పండు. 400 దాటుతుంది. రాత్రి కంచం మామూలుగానే ఉంచు. ఒక పెద్ద చెంచా నూనో వెన్నో అన్నంలో కలిపితే 100 క్యాలరీలు పైన, పొట్టకి తెలియను కూడా తెలియదు.

ఇక బరువు చూసుకోవడం. రోజూ పొద్దున, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు. రోజు అంకెని పట్టించుకోకు, వారం సగటుని గత వారం సగటుతో పోల్చు. మొదటి వారం ఎక్కువ పెరుగుతుంది, సంబరపడకు. కండల్లో గ్లైకోజెన్ (పిండి పదార్థాల నుంచి కండ దాచుకునే ఇంధనం) నిండుతుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది, పేగుల్లో తిండి కూడా ఎక్కువ ఉంటుంది. రెండో వారం నుంచి 150 నుంచి 250 గ్రాములు పెరుగుతూ ఉంటే అలాగే పో. రెండు వారాలు కదలకపోతే ఇంకో 150 క్యాలరీలు. అంతకన్నా ఆలోచించకు.

బెంచ్‌కి రెండున్నర కిలోల ప్లేట్లు రెండు వేసి ఒకేసారి అయిదు పెంచుతున్నావేమో చూసుకో. ఒకటింపావు ప్లేట్లు ఎక్కడో మూల దుమ్ములో ఉంటాయి. వెతుకు.


బక్కోడు_24:

తొమ్మిది వారాలు అయింది, చెప్పకుండా మాయమైతే బాగోదని వచ్చా.

ఈ వారం సగటు 58.2. మొదటి వారంలోనే 900 గ్రాములు పెరిగితే ఇంట్లో అందరికీ చెప్పేశా, నువ్వు వద్దన్నా వినకుండా. తర్వాత వారం 100 మాత్రమే పెరిగేసరికి మొహం మాడింది. అయిదో వారంలో జ్వరం వచ్చి అరకిలో పోయింది, పది రోజుల్లో మళ్లీ వచ్చింది.

బెంచ్ 42.5, అయిదు రెప్స్, మూడు సెట్లు. ఒకటింపావు ప్లేట్లు నిజంగానే మూలనే ఉన్నాయి, డంబెల్ స్టాండ్ వెనకాల. 35 మీద ఆగింది తిండి వల్లా, నిద్ర వల్లా, ప్లేట్ల వల్లా తెలీదు, మూడూ ఒకేసారి మార్చేశా. నిద్ర పన్నెండుకి వచ్చింది. పదకొండున్నర అని చెప్పాలని ఉంది కానీ అబద్ధం రాయొద్దన్నావు.

పొద్దున మిక్సీ శబ్దానికి నాన్న లేస్తున్నారు, అదొక్కటే ఇంట్లో గొడవ. అమ్మకి రక్త పరీక్ష కాగితం చూపించా. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది.

తూచడం మూడు వారాలు చేసి ఆపేశా. పప్పు గరిటె నా చేతిలోనే ఉంది. కొత్త కంచం కొన్నా, 400 గ్రాముల అన్నం పడుతుంది. గెయినర్ కొనలేదు, ట్రైనర్ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, ఇప్పుడు మామూలే.

ఒక్క డౌట్. స్క్వాట్‌లో 55 దాటాక కుడి మోకాలు లోపలికి ఒరుగుతోంది. ఇది తిండి గోల కాదు కదా, విడిగా ఇంకో ప్రశ్న పెట్టనా?


రెండోసెట్:

పెట్టు. పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి వీడియో తీసి పెట్టు. కొత్త కంచం ఫోటో కూడా.